తెర కింది మాటలు

నవంబరు 9, ఆదివారం

కొత్త టీవీ వచ్చింది. గోడకి బిగించడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. పాతది మేడమీద నా గదికి చేరింది. కొత్తది హాల్లో సగం గోడని తీసుకుంది. ఆపి ఉన్నప్పుడు దాని ముందు నిలబడితే నేను పూర్తిగా కనిపిస్తున్నాను, నల్లగా.

అమ్మ బొట్టు పెట్టింది. తెర మధ్యలో పెట్టబోతే అన్నయ్య కేకేశాడు. చివరికి కింద అంచుమీద పెట్టింది.

తోరణం యాప్ పెట్టిద్దామన్నది నేనే. ఎందుకని అందరూ అడిగారు. "బ్యాంకు పరీక్షకి కరెంట్ అఫైర్స్ వీడియోలు ఉంటాయి" అన్నాను. తోరణంలో ఉండేవి సినిమాలూ సీరియళ్ళూ. అది ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి పర్వాలేదు.

"ఉప్పుగాలి" పోయిన మంగళవారం నుంచి అందులో ఉంది. ఎనిమిది భాగాలు. పోర్చుగీసు వాళ్ళది. ఎక్కడో ఒక దీవి, లైట్‌హౌసు చూసుకునే ఒక ముసలావిడ, చేపలు పట్టే కొడుకు. తెర కింద తెలుగు మాటలు నావి. ప్రతి భాగం చివరా నా పేరు వస్తుంది, రెప్పవేసేంత సేపు. నేను ఆ పని చేస్తున్నానని ఇంట్లో ఎవరికీ తెలియదు. మేడమీద పరీక్షకి చదువుతున్నాననుకుంటారు.

తెలియాలని నాకు లేదు. మన టీవీలో కూడా ఉంటే బాగుంటుందనిపించింది, అంతే.

నవంబరు 10

ఈవేళంతా దానితోనే సరిపోయింది. రిమోటుతో ఒక్కో అక్షరం వెతికి నొక్కాలి. ఈమెయిల్ సగం కొట్టాక పక్కకి జారి మొత్తం చెరిగిపోయింది. తర్వాత తెలిసింది, తెరమీద నలుపూ తెలుపూ గళ్ళ బొమ్మ ఒకటి వస్తుంది, దాన్ని ఫోనుతో ఫొటో తీస్తే చాలట. ఇంటర్‌నెట్ పెట్టె తలుపు వెనకాల ఉంది. తలుపు మూస్తే టీవీ ఆగిపోతోంది. తలుపు తెరిస్తే పిల్లి లోపలికి వస్తోంది.

ఆఖరికి తెరుచుకుంది. "ఎవరు చూస్తున్నారు?" అని అడిగింది.

నాన్నగారు అప్పుడే మార్కెట్టు నుంచి వచ్చారు. చొక్కా విప్పుతూ ఆగిపోయారు.

"ఎవరు చూత్తన్నారని దానికెందుకే?"

"ఒక్కొక్కరికీ వేరేగా పెట్టుకోవచ్చు నాన్నగారూ. మీకొకటి, అమ్మకొకటి, అన్నయ్యకొకటి. ఎవరు చూసేవి వాళ్ళకి గుర్తుంటాయి."

"ఒకే ఇంట్లో నాలుగు పొయ్యిలా? ఏం అక్కర్లేదు. షాపు పేరు పెట్టు."

మా ఇంట్లో అంతే. స్కూటరు షాపు పేరు మీద, గ్యాసు షాపు పేరు మీద, అమ్మ ఫోను కూడా షాపు పేరు మీద. శ్రీ వరాహ ట్రేడర్స్, బెల్లం కమిషన్ వ్యాపారులు, అనకాపల్లి. అంత పేరు ఆ గడిలో పట్టలేదు. "శ్రీ వరాహ ట్రే" దగ్గర ఆగిపోయింది. పక్కన పెట్టుకోవడానికి బొమ్మలు చూపించింది. రోబో, రాకుమారి, ఎలుగుబంటి.

"ఆ ఎలుగుబంటి పెట్టు. మీ అన్నయ్యలా ఉంది" అన్నారు నాన్నగారు.

అన్నయ్య అరటిపండు తింటూ తల తిప్పాడు. నిజంగానే ఉంది.

నవంబరు 11

మొదట దేవుడిది పడాలని అమ్మ పట్టు. ఉప్మాక వెంకన్న కోసం వెతికాను. దొరకలేదు. తిరుమల దొరికింది. "ఆయనకీ ఈయనే" అని అమ్మ సర్దుకుంది.

నవంబరు 12

లావణ్య గారు ఫోన్ చేశారు. నా పనంతా సరిచూసేది ఆవిడే. విశాఖపట్నం ఆఫీసులో చేరతావా అని అడిగారు. రోజూ రావాలి. డిసెంబరు ఒకటో తారీఖుకల్లా చెప్పాలి, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు.

"నాన్నగారిని అడిగి చెప్తాను" అన్నాను.

"అడగడానికి నెలాఖరు దాకా ఎందుకమ్మా? పక్క గదిలోనే కదా ఉంటారు?"

పక్క గది కాదు. కింద. మధ్యలో మెట్లు ఉన్నాయి.

నాన్నగారికి సినిమా వాళ్ళంటే పడదు. బ్యాంకు ఉద్యోగమంటే పడుతుంది. పోయినసారి నాకు మార్కులు తక్కువొచ్చినప్పుడు ఒక్క మాట అనలేదు. వెళ్ళి నాకోసం కొత్త కుర్చీ కొన్నారు. ఆ కుర్చీలో కూర్చునే ఉప్పుగాలి రాశాను. అందువల్ల అడగడం ఇంకాస్త కష్టం.

నవంబరు 13

ఆలోచించాను. నేను చెప్పడం కంటే ఆయన చూడటం మేలు. భాగం చివర పేరు చూస్తారు. ఇదేటే అని అడుగుతారు. అప్పుడు చెప్తాను. కాన్వెంటులో సిస్టర్ నేర్పింది అదే, పేరు పెట్టి పిలిస్తేనే లేచి నిలబడి చెప్పాలి.

చూడాలని కాదు. చూస్తే, అని.

నవంబరు 14

టీవీలో ఉప్పుగాలి మొదటి భాగం పెట్టి నేను వంటింట్లోకి వెళ్ళాను. సముద్రం చప్పుడు వినిపించింది. ముసలావిడ మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఇదేటిది, ఏ భాష?" అన్నయ్య గొంతు. "కింద ఈ గీతలేటి, బొమ్మ కనిపించకుండా?"

అక్షరాలు తీసేశాడు. తర్వాత సినిమా కూడా మార్చేశాడు. ఇరవై మంది ఒకణ్ణి కొడుతున్న చప్పుడు వినిపించింది. ఒకడు ఇరవై మందిని కొడుతున్నాడని తర్వాత తెలిసింది.

నవంబరు 15

ఈరోజు నాన్నగారి ఫోను పట్టుకున్నాను. యాప్ ఎక్కలేదు, చోటు లేదంది. చూస్తే అన్నీ శుభోదయం బొమ్మలు. గులాబీలు, దీపాలు, కాఫీ కప్పులు. కొన్ని తీసేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "పంపినోళ్ళు అడుగుతారు" అన్నారు. గులాబీలు ఉంచి కాఫీ కప్పులు తీసేశాను.

యాప్ పెట్టి, ఉప్పుగాలి తెరిచి, "ఖాళీ దొరికితే చూడండి" అని చేతికిచ్చాను.

సాయంత్రం అడిగాను.

"బాగుందమ్మా. జేబులో పెట్టుకుని విన్నాను. కాటా దగ్గర చేతులు ఖాళీ ఉండవు కదా. ఆవిడెవరో పాపం, భాష తెలవకపోయినా ఏడుపు తెలుత్తోంది."

నాలుగు భాగాలు అయ్యాయట. పోర్చుగీసులో, జేబులోంచి.

నవంబరు 16

అన్నయ్య టీవీలో అక్షరాలు తీసేస్తే నాన్నగారి ఫోనులో కూడా పోయాయని ఈరోజు అర్థమైంది. అందరికీ ఒకే ఎలుగుబంటి. ఒకచోట తీసింది అన్నిచోట్లా పోతుంది. నేను మళ్ళీ పెట్టాను. మధ్యాహ్నం అన్నయ్య వచ్చి, కొట్లాట సినిమాలో కింద "ధన్, ధన్" అని పడుతోందని అరిచాడు. తీసేశాడు. పెట్టాను.

నేను పెట్టినట్టు ఎవరికీ తెలియదు.

నవంబరు 17

అమ్మ టాబ్లెట్‌లో పెట్టాను. పిన్నితో వీడియోలో మాట్లాడటానికి కొన్నది. మధ్యాహ్నం అమ్మ దాన్ని వంటింటి గట్టుమీద పోపుల డబ్బాకి ఆనించి, చేగోడీలకి పిండి కలుపుతోంది. గిన్నెలు తోమడానికి పైడితల్లి వచ్చింది. నేను గుమ్మం దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఉప్పుగాలి దానంతటదే మొదలైంది. అంటే నేను మొదలుపెట్టాను.

"అదేటమ్మగోరూ, ఏటంతంది ఆ ముసిల్ది?" అంది పైడితల్లి.

"కింద రాసుంది. ఉండు, చదువుతాను."

అమ్మ చదవడం మొదలుపెట్టింది. మొదట వార్తల్లా చదివింది. కాసేపటికి ముసలావిడవి ముసలావిడలా, కొడుకువి కొడుకులా చదివింది. పైడితల్లి తోముతున్న గిన్నె పక్కన పెట్టేసింది. నేను రాసిన మాటలు అమ్మ గొంతులో వినడం ఎలా ఉంటుందో నేనెప్పుడూ అనుకోలేదు. కొన్ని బాగాలేవు. "నిశ్చయంగా" అన్న మాట తీసేయాల్సింది, ఆ మాట మీద అమ్మ నాలుక తడబడింది.

రెండో భాగంలో కొడుకు చేపల బుట్ట దించి ఇంట్లోకి వస్తాడు. ముసలావిడ లోపల్నుంచి అంటుంది. అమ్మ చదివింది.

"ఆ చేతుల్తో తలుపు ముట్టావంటే నీ పని చెప్తాను. ముందు నుయ్యి దగ్గరికి నడు, తర్వాతే నీకు తల్లి."

పైడితల్లి పకపకా నవ్వింది. "ఓలమ్మో! అయ్యగోరు బెల్లం సేతుల్తో వచ్చినప్పుడు మీరనే మాటే కదమ్మా! తల్లికి బదులు పెళ్ళాం, అంతే. ఆ ముసిల్ది మీ కాడే నేర్సుకుందేటి?"

అమ్మ నవ్వలేదు. తెరకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. నేను పేజీ తిప్పాను.

"పాలు పొంగుతున్నట్టున్నాయి" అని లేచి వెళ్ళింది.

పొయ్యి మీద పాలు లేవు.

భాగం అయిపోగానే పేర్లు రాకుండా తర్వాతి భాగం మొదలైపోయింది. ఆ యాప్ అంతే. అయిదు అంకెలు లెక్కపెట్టి దూకేస్తుంది. అంత కష్టపడి అమ్మ దాకా తెచ్చాను, పేరు చూడనే లేదు. ఇదీ వృథా.

నవంబరు 18

అమ్మ మూడో భాగం చూస్తోంది. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కతే, తలుపు దగ్గరికి వేసి.

నవంబరు 20, గురువారం

భోజనాలయ్యాక నాన్నగారు టీవీ ముందు కూర్చుని, "ఆ సముద్రం కథ పెట్టవే" అన్నారు.

"మీరు విన్నారు కదా నాన్నగారూ."

"వినడం వేరు. మీ అమ్మ చదవమంది. అక్షరాలు పెద్దవి అవుతాయా?"

అవుతాయి. చేశాను. అవి సగం సముద్రాన్ని కప్పేశాయి. ఆయన ఒక్కో వాక్యం దగ్గర ఆపించి, పెదాలు కదుపుతూ చదివి, "ఊఁ, పోనీ" అంటే నేను మళ్ళీ నడిపించాను. రెండు తెరలకంటే ఎక్కువ ఒకేసారి నడవవట. మేడమీద అన్నయ్య ఫోను, వంటింట్లో అమ్మ టాబ్లెట్, హాల్లో టీవీ. మధ్యలో తెర ఆగి, "వేరొకరు చూస్తున్నారు" అంది.

"ఎవరది?" అన్నారు నాన్నగారు.

"నేనే!" అని మేడమీద నుంచీ వంటింట్లోంచీ ఒకేసారి వినిపించింది.

ఇద్దర్నీ ఆపించారు. మొదటి భాగం పూర్తయ్యేసరికి ఆయన కునికిపాట్లు పడుతున్నారు. పేర్లు రాలేదు. దూకేసింది.

నవంబరు 22

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండో భాగం చివర. అంకెలు మొదలయ్యాయి. పక్కన చిన్న గడిలో "పేర్లు చూడండి" అని ఉంది.

"ఆ మీటేటి?" అన్నారు నాన్నగారు.

నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దానికోసమే. "అది అక్కర్లేదు నాన్నగారూ" అన్నాను.

ఆయన రిమోటు తీసుకుని నొక్కారు. పేర్లు వచ్చాయి. వందమంది పోర్చుగీసు వాళ్ళు వెళ్ళాక, తెలుగులో ఒక వరుస వచ్చింది. ఆయన ఆపారు. ఆపడం ఎప్పుడు నేర్చుకున్నారో తెలియదు.

"తెలుగు ఉపశీర్షికలు, కె. శ్రావ్య." చదివి నాకేసి తిరిగారు. "నీ పేరే!"

గోడమీద నా పేరు మూరెడు పొడుగుంది. అక్షరాలు పెద్దవి చేసింది నేనే. అది వీటిక్కూడా వర్తిస్తుందేమో.

"ఆ పేరు చాలామందికి ఉంటుంది నాన్నగారూ."

"కె అని కూడా ఉంది."

"కె తో బోలెడు ఇంటిపేర్లు ఉంటాయి."

ఆయన కాసేపు నన్నే చూశారు. "అంతేలే" అన్నారు. టీవీ ఆపేశారు.

మేడెక్కి వచ్చాను. పిలిచారు. అడిగారు. పేరు పెట్టి మరీ అడిగారు. నేను లేచి నిలబడలేదు.

ఆయన నమ్మేశారు, అదొకటి. రేపు చెప్తాను.

నవంబరు 23

ఆదివారం. అందరూ ఇంట్లో ఉన్నారు. చెప్పడానికి అనువుగా లేదు.

నవంబరు 24

భోజనం దగ్గర నాన్నగారు మొదలుపెట్టారు.

"ఆ పిల్ల ఏ ఊరో."

"ఏ పిల్ల?" అంది అమ్మ.

"అదే, ఆ అక్షరాలు రాసిన పిల్ల. మన అమ్మాయి పేరుగల పిల్ల."

"విజయవాడ అయ్యుంటుంది" అన్నాడు అన్నయ్య. "మనూళ్ళో అంత తెలివైనోళ్ళు ఎవరున్నారు?"

"తెలివైందే. బాగా రాసింది" అంది అమ్మ, నాకు పప్పు వడ్డిస్తూ. "పెళ్ళయిందో లేదో."

"కాకపోతే మన ఫణికి చూద్దామా?" అన్నారు నాన్నగారు.

అన్నయ్యకి పొలమారింది. అమ్మ వాడి తలమీద తట్టింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "వద్దు నాన్నా. ఆ పిల్ల పొద్దున్న తొమ్మిదైనా లేవదని నా అనుమానం. కాఫీ గ్లాసు కూడా ఎక్కడ తాగితే అక్కడే పెట్టే రకంలా ఉంది" అన్నాడు.

"అయినా ఇంటిపేరు ఒకటయితే కుదరదు" అంది అమ్మ.

"కె తో బోలెడు ఇంటిపేర్లు ఉంటాయిటే" అన్నారు నాన్నగారు.

ముక్కూ మొహం తెలియని అమ్మాయి గురించి ముగ్గురూ ఇంతలా మాట్లాడుకోవడం చూస్తే నాకు జాలేసింది. అబద్ధం చెప్పి వాళ్ళని ఎంత దూరం తీసుకెళ్ళానో. అన్నయ్య ఊహ మాత్రం అన్యాయం. మాటలు చూసి మనిషి ఎప్పుడు లేస్తుందో ఎలా తెలుస్తుంది?

నా కాఫీ గ్లాసులు కిందికి తెచ్చి కడిగాను. మూడు ఉన్నాయి.

నవంబరు 25

యాప్ తెరిస్తే చూసినవన్నీ వరుసగా కనిపిస్తాయి. చూసినంత మేర కింద ఎర్రగీత ఉంటుంది. ఉప్పుగాలి ఎనిమిది భాగాలకీ ఎర్రగీత ఈ చివర్నుంచి ఆ చివరికి ఉంది. నాన్నగారితో నేను చూపించింది రెండే.

జేబులో విన్నవి కూడా లెక్కలోకి వస్తాయి కాబోలు.

నవంబరు 26

"ఆ శ్రావ్య ఈమధ్య ఇంకేమైనా రాసిందేమో కనుక్కో" అన్నారు నాన్నగారు.

"నాకెలా తెలుస్తుంది నాన్నగారూ?"

"నీకు ఇంగ్లీషు వచ్చు కదా. వెతుకు."

నవంబరు 27

రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 28

లావణ్య గారి మెసేజ్. "సోమవారం, గుర్తుందిగా?"

గుర్తుంది. "ఇంట్లో ఒప్పుకోలేదు" అని కొట్టాను. చదువుకున్నాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళని అడిగింది లేదు, ఒప్పుకోలేదని చెప్పడానికి నాకేం హక్కు? చెరిపేశాను. "నాకు ఇష్టం లేదు" అని కొట్టాను. అదీ చెరిపేశాను. ముసలావిడ మాటలు వందలకొద్దీ రాశాను, కొడుకువి రాశాను, ఓడ మునిగేటప్పుడు నావికుడు అరిచేవి కూడా రాశాను. నావి రెండు రాయలేకపోతున్నాను.

నవంబరు 30

అమ్మ మేడమీదికి వచ్చింది. ఎప్పుడూ రాదు, మోకాళ్ళు నొప్పి. మంచం మీద కూర్చుని, గది అంతా చూసి, "నాన్నగారు రేపు షాపులోనే ఉంటారు" అంది.

"రోజూ ఉంటారుగా అమ్మా."

"అదే చెప్తన్నాను."

దుప్పటి మడతపెట్టి వెళ్ళిపోయింది.

డిసెంబరు 1, సోమవారం

పొద్దున్నే నాన్నగారు షాపు నుంచి ఫోన్ చేశారు. షాపులో ఉన్న చిన్న టీవీకి తోరణం పెట్టాలట, తెరమీద ఏవో అంకెలు పడుతున్నాయి, రమ్మన్నారు. అన్నయ్య అక్కడే ఉన్నాడు కదా అంటే, "ఆడికి రాదు" అన్నారు. అన్నయ్య ఇంజినీరింగు చదివాడు.

ఆటోలో వెళ్ళాను. కొత్త బెల్లం రోజులు. ఆవరణంతా దిమ్మలు వరుసలుగా పరిచి ఉన్నాయి. అటూ ఇటూ కొనేవాళ్ళు తిరుగుతూ, అంచున గిల్లి, వెలుతురుకి పెట్టి చూస్తున్నారు. నేను ఎవరికేసీ చూడకుండా లోపలికి వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాను. తెరమీద ఆరు అంకెలు ఉన్నాయి. వాటిని ఫోనులో కొట్టాలి. కాసేపట్లో కొట్టకపోతే అవి చెల్లవు, కొత్తవి వస్తాయి.

షాపు ముందే ఒక వరుస దిమ్మలు ఉన్నాయి. మంచి రంగు. వాటి చుట్టూ కొనేవాళ్ళు మూగి ఉన్నారు, కానీ వేలంపాట మొదలవలేదు.

"మూర్తి బావా, ఎండెక్కుతోంది. మొదలెట్టవేటి?" అన్నాడు వాళ్ళలో ఒకాయన. నానాజీ గారు. అన్నయ్య పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఇంటికి వస్తుంటారు.

"రైతు లేడు" అన్నారు నాన్నగారు.

"రైతుతో పనేటి? సరుకు కళ్ళెదురుగా ఉంది. దిమ్మల మీద పేరు కూడా రాసుంది, అప్పలరాజు, కశింకోట అని. ఇంకేటి కావాలి?"

"పేరుంటే చాలదు నానాజీ. ఇది నాది అని మనిషి వచ్చి నిలబడాలి. నేను ఈ షాపులో కూర్చున్నప్పట్నుంచీ, నిలబడని మనిషి సరుక్కి పాట పెట్టలేదు."

"మంచి సరుకయ్యా!"

"మంచిదనే ఆపేను. లేకపోతే ఎప్పుడో పంపేద్దును."

నాన్నగారు ఇటు తిరగలేదు. అన్నయ్య మాత్రం తిరిగాడు. కాటా పక్కన నిలబడి, నన్నూ టీవీనీ మార్చి మార్చి చూస్తున్నాడు. తెరమీద అంకెలు మారిపోయాయి. నేను పాతవి సగం కొట్టి ఉన్నాను.

అప్పుడు అప్పలరాజు వచ్చాడు, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, పరిగెత్తలేక పరిగెత్తుతూ. "నాయే బాబూ, నాయే! టీకని ఎళ్ళేను!" దిమ్మల పక్కన నిలబడి తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. అంతే. నాన్నగారు గొంతు సవరించుకున్నారు, పాట మొదలైంది. అప్పలరాజు ఏమీ మాట్లాడలేదు. ఊరికే నిలబడ్డాడు. అతను వచ్చాక దిమ్మలు కూడా కొంచెం వేరేగా కనిపించాయి.

పాట అయిపోయింది. నాన్నగారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. నానాజీ గారూ ఇంకో ఇద్దరూ వెనకే వచ్చి బల్లమీద కూర్చున్నారు.

"అయిందేటే?"

"కాలేదు నాన్నగారూ. అంకెలు మారిపోతున్నాయి."

"తొందరేం లేదు."

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో అప్పుడు తెలియదు.

"ఉప్పుగాలి నాది."

"ఏటీ?" బయట లారీ వెనక్కి వస్తోంది. "గట్టిగా చెప్పమ్మా."

"ఉప్పుగాలి కింద మాటలు నేను రాశాను! ఆ శ్రావ్య నేనే!"

లారీ అప్పుడే ఆగింది. నా గొంతు నాకే ఇంకెవరిదోలా వినిపించింది. బల్లమీద వాళ్ళు, కాటా దగ్గర కూలీలు, టీ గ్లాసుతో అప్పలరాజు, అందరూ ఇటే చూశారు.

"ఏటమ్మా నీది? ఏ దిమ్మ?" అన్నారు నానాజీ గారు.

"దిమ్మ కాదులే" అన్నారు నాన్నగారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మొహంలో నవ్వు లేదు. కానీ అన్నయ్య అటు తిరిగిపోయాడు, వాడి భుజాలు కదులుతున్నాయి.

"మీకు తెలుసు" అన్నాను.

"మీ అమ్మకి రెండో భాగంలోనే తెలిసిపోయింది."

"మరి ఎందుకు..."

"నేను అడిగేను. నువ్వు కాదన్నావు. కాదన్న మనిషి సరుకుని అవునని నేను అమ్మనా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఇంకా ఉంది, అది కూడా ఇప్పుడే చెప్పాలి. "విశాఖపట్నం ఆఫీసులో చేరమన్నారు. ఈరోజే చెప్పాలి. బ్యాంకు పరీక్ష నేను రాయను నాన్నగారూ."

ఇది ఆటలో లేని మాట. ఉద్యోగం సంగతి ఆయనకి తెలియదు. తువ్వాలు మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు.

"మేడమీద చదువుతోందనుకున్నాం. అందరికీ చెప్పుకున్నాను, పరీక్ష రాత్తోందని. ముందు కోపమే వచ్చింది, దాపరికం ఎందుకూ అని. కోప్పడకండి, అదే చెప్తాది అంది మీ అమ్మ." తువ్వాలు భుజాన వేసుకున్నారు. "సినిమా వాళ్ళా?"

"కాదు. ఒక గది, కంప్యూటర్లు ఉంటాయి. లావణ్య గారని ఒకావిడ."

"ఆవిడకి ఫోన్ చెయ్యి."

చేశాను. ఆయన తీసుకుని బయటికి వెళ్ళారు. దిమ్మల మధ్య అటూ ఇటూ నడుస్తూ చాలాసేపు మాట్లాడారు. అప్పుడప్పుడు చెయ్యి ఊపుతున్నారు, ధర తగ్గించమన్నప్పుడు ఊపినట్టు. నేను టీవీకేసి చూస్తూ కూర్చున్నాను. అన్నయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ పిల్ల పొద్దున్నే లేవాలిప్పుడు, పాపం" అన్నాడు.

నాన్నగారు వచ్చి ఫోను చేతికిచ్చారు.

"సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉండాలన్నాను. ఆవిడ సరేనంది. శనివారాలు కూడా అడిగేను గానీ కుదరదంది. గట్టి మనిషి." నానాజీ గారికేసి తిరిగారు. "ఏటి బావా, కూర్చున్నావు? ఆ రెండో వరుస చూడవా?"

అంతే. సరే అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నేను మూడోసారి అంకెలు కొట్టాను. షాపు టీవీలో ఎలుగుబంటి వచ్చింది.

డిసెంబరు 3

అమ్మ నాకు టిఫిన్ డబ్బా కొంది. మూడు గిన్నెలది. నా ఒక్కదానికి అంత ఎందుకమ్మా అంటే, లావణ్య గారికి కూడా అంది.

డిసెంబరు 8, సోమవారం

మొదటి రోజు. నాన్నగారు కూడా వస్తానన్నారు, ఈ ఒక్కరోజుకీ. వద్దన్నాను. వచ్చారు.

పాసింజరులో కిటికీ పక్క చోటు నాకు దొరికింది. పుస్తకం తీశాను. బండి కదిలిన కాసేపటికి ఎదురుగా కూర్చున్నావిడ, "ఎందాకా బాబుగారూ?" అంది నాన్నగారితో. ఒడిలో పూలబుట్ట ఉంది.

"వైజాగు. మా అమ్మాయి ఉద్యోగంలో చేరతంది."

"ఏ ఉద్యోగమండీ?"

పుస్తకం పైకెత్తాను.

"సినిమాల కింద అక్షరాలుంటాయి చూడు, వేరే దేశాల వాటికి? అయి మా అమ్మాయివే."

"అన్నీయా?"

"అన్నీ" అన్నారు నాన్నగారు.

అటుపక్క కూర్చున్న కుర్రాళ్ళు కూడా ఇటు తిరిగారు. నా చెవులు కాలుతున్నాయి. పుస్తకంలో ఒకే వాక్యం దగ్గర ఉన్నాను. నాన్నగారు అది రెండోసారి, ఈసారి వాళ్ళ కోసం మొదట్నుంచీ చెప్పారు.

పూలావిడ ముందుకి వంగి నా మోకాలి మీద తట్టింది. "అమ్మా, మా మనవరాలి ఫోనులో నేనూ సూత్తానమ్మా. మూడు దాకా సదువుకున్నాను. కానీ అయి గభాల్న ఎళిపోతాయి. సగం సదివేసరికి ఇంకోటొచ్చేత్తది. అంత తొందరెందుకమ్మా మీకు?"

నాన్నగారు నాకేసి తిరిగారు. ఆయనకీ అదే అనుమానం ఉన్నట్టుంది, ఇన్నాళ్ళూ అడగలేదు.

పుస్తకం మూశాను. మనిషి మాట్లాడేంత సేపే మాటలు తెరమీద ఉండాలనీ, అందుకే పది మాటలున్నచోట నాలుగే రాస్తామనీ, ఏ ఆరు వదలాలో తేల్చుకోవడమే అసలు పని అనీ చెప్పాను. వదిలేసినవి ఏమవుతాయి అని ఆవిడ అడిగింది. అది నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తాడి స్టేషను దగ్గర మొదలుపెట్టాను, దువ్వాడ దాటినా నా మాట అవలేదు.

నాన్నగారు మధ్యలోనే నిద్రపోయారు.